అరుగు బడి, వంటింటి బడి

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా గుణింతంలో మేం తప్పు పోతే మాత్రం ఊరుకునేది కాదు. పొయ్యి ముందు కూర్చుని తన పని తాను చేసుకుంటూనే, ‘కొమ్ము తరవాత కొమ్ముదీర్ఘం ఏదిరా, మింగేశావా?’ అని లోపలి నుంచి కేకేసేది. ఆవిడ కాపరానికి వచ్చిన ఇంటికి ఎదురుగా ఉన్న అరుగు మీదే వీధి బడి నడిచేది. అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం ఆ వల్లెవేత చెవిన పడుతూనే ఉంది. అక్షరం ఎలా ఉంటుందో తెలియకుండానే అక్షరాల వరస మొత్తం కంఠతా వచ్చేసింది. అలాంటి ఆడవాళ్ళు ఆ రోజుల్లో వీధికి నలుగురైనా ఉండేవారు.

నేను చెప్పేది 1950ల చివరి మాట. కృష్ణా పశ్చిమ డెల్టాలో, తెనాలికి దిగువన, కాలవ పక్క ఊరు మాది. అప్పటికే ఊళ్ళో బోర్డు స్కూలుంది. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక అదే సమితి స్కూలయింది. అయినా అయిదేళ్ళు నిండీ నిండని పిల్లల్ని ముందు అయ్యవారి బడికే తోలేవారు. ‘అక్కడ నాలుగక్షరాలు గట్టిపడితే తీసుకురండి, ఒకటో తరగతిలో కూర్చోబెట్టుకుంటాం’ అని స్కూలు మేష్టార్లే చెప్పేవారు. అలా రెండు బడులూ ఒకే ఊళ్ళో కొన్నాళ్ళు పక్కపక్కనే బతికాయి. వీధి బడి చివరి పిల్లల్లో మేమూ ఉన్నాం.

చదువు మొదలయ్యేది ఇంట్లోనే. పీట మీద పసుపు వినాయకుడు, పళ్ళెం నిండా బియ్యం, పసుపు బొట్లు పెట్టిన కొత్త పలక. అయ్యవారు పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చూపుడు వేలు పట్టుకుని బియ్యంలో ఓంకారం, ఆ పైన నమశ్శివాయ, సిద్ధం నమః రాయించేవారు. వేలు నొప్పెట్టి పిల్లవాడు ఏడుస్తుంటే ముత్తయిదువలు నవ్వేవారు. అయ్యవారికి పంచె, తాంబూలం, బడిపిల్లలందరికీ పప్పుబెల్లాలు. కలిగినవాళ్ళయితే పిల్లలకు తలో పలకా బలపం కూడా పంచేవారు. ఆ రోజు నుంచి ‘మావాణ్ణి బళ్ళో వేశాం’ అని ఊరందరికీ చెప్పుకునేవారు.

మర్నాటి నుంచి ఇసక. అరుగు మీద ఒక మూల మెత్తటి కాలవ ఇసక పోసి ఉండేది. కొత్త పిల్లలు దాని చుట్టూ బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. అయ్యవారు ఒక అక్షరం గీస్తారు. అదే గాడిలో వేలు తిప్పుతూ, అక్షరం పేరు పైకి అంటూ దిద్దాలి. చెరిగిపోతే మళ్ళీ గీస్తారు. వేలికి ఆ మలుపు అలవాటయ్యాక పలక చేతికిచ్చేవారు. పలక మీదా అంతే. ముందు అయ్యవారి అక్షరం, దాని మీద మన బలపం. సాయంత్రానికి ‘అ’ లావెక్కి, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా పోయేది. ఇప్పుడాలోచిస్తే ఆ దిద్దుడులో ఒక కిటుకుంది. తెలుగు అక్షరాలన్నీ గుండ్రనివే. ఏ సున్న ముందు చుట్టాలి, తలకట్టు ఎప్పుడు పెట్టాలి, ఏ వైపుకు తిరగాలి అన్నది కంటితో చూస్తే అంతుపట్టదు. అది చేతికి తెలియాలి. అందుకే ఒకే అయ్యవారి దగ్గర దిద్దినవాళ్ళందరి చేతిరాతా ఒకే పోలికలో ఉండేది. ఊళ్ళో ప్రామిసరీ నోటు చూసి, రాసినవాడు ఏ అరుగు మీద చదువుకున్నాడో చెప్పేవాళ్ళుండేవారు.

మా పలకలు రాతివి. మార్కాపురం నుంచి వచ్చేవి. చుట్టూ చెక్క చట్రం, కొన్నిటికి పైన తీగకు గుచ్చిన రంగు పూసలు. వారానికోసారి దొండాకు, బొగ్గు కలిపి రుద్దితే పలక నిగనిగలాడేది. ఉమ్మితో తుడిస్తే సరస్వతికి కోపం వస్తుందని భయపెట్టేవారు. భయపడుతూనే అందరం ఉమ్మితోనే తుడిచేవాళ్ళం. బలపం సగం రాతకు పోయేది, సగం పొట్టలోకి పోయేది.

బడి అంటే చోటు కన్నా ముందు గోల గుర్తొస్తుంది. కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి, గుడిదీర్ఘమిస్తే కీ, కొమ్మిస్తే కు. ఒకడు అంటాడు, మిగతావాళ్ళు అందుకుంటారు. దీన్ని అర్థం లేని అరుపని తరవాతివాళ్ళు కొట్టిపారేశారు గానీ, ఆ గోలలో ఒక లెక్కుంది. హల్లులు 35 అనుకుని, ఒక్కోదానికి గుణింతం 12 రూపాలే లెక్కేసినా 420 అవుతాయి. వత్తుల సంగతి ఆ పైన. ఇన్నింటిని విడివిడిగా గుర్తుపెట్టుకోవడం నాలుగైదేళ్ళ పిల్లవాడి తరం కాదు. తలకట్టు, గుడి, కొమ్ము, సుడి, ఎత్వం, ఒత్వం అని ప్రతి గుర్తుకూ ఒక పేరుండటం వల్ల పిల్లవాడి చేతికి పనిముట్లు వచ్చేవి. కొత్త మాట ఎదురైతే ‘మకు గుడిస్తే మి, రకు కొమ్మిస్తే రు’ అని విప్పుకునేవాడు. చిక్కులు వచ్చేచోట మళ్ళీ వేరే పేర్లు. ఱ అయితే బండి ర. థకీ ధకీ తేడా పొట్టలో చుక్క. ‘ప’కూ ‘వ’కూ కొమ్ము పక్కన కాకుండా కిందకు దిగుతుందని, ‘మ’నూ ‘య’నూ తలకట్టు చూసి పోల్చుకోవాలని, ‘ఘ’ ‘ఝ’ల దగ్గర తొందరపడకూడదని అయ్యవారికి తెలుసు. ట్రైనింగు లేదు గానీ, పిల్లలు ఎక్కడ తడబడతారో ఆయనకు ముందే తెలుసు.

అంతమంది పిల్లలకు అయ్యవారు ఒక్కరే. ఆయన అందరికీ చెప్పేవారు కాదు. గుణింతం వచ్చినవాడు అక్షరాలవాడికి, వత్తులు వచ్చినవాడు గుణింతంవాడికి చెప్పాలి. పెద్దవాళ్ళను ఆయన చూసుకునేవారు. నాకు అక్షరాలు చెప్పినవాడు నా కంటే రెండేళ్ళు పెద్ద. చెప్పడం వల్ల వాడికీ మరోసారి గట్టిపడేవి. ఈ పద్ధతి మన అరుగుల మీద నుంచి సముద్రం దాటి పోయిందని ఎన్నో ఏళ్ళ తరవాత చదివాను. మద్రాసు ఎగ్మోరులో సైనికుల అనాథ పిల్లల బడిని 1789 నుంచి నడిపిన ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు, మన పిల్లలు ఇసకలో రాసుకోవడం చూసి ఆ పద్ధతి తన బడిలో పెట్టాడు. పిల్లల చేతే పిల్లలకు చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. ఇంగ్లండులో దాన్ని ‘మద్రాసు పద్ధతి’ అన్నారు.

పొద్దున్నే బడికి ముందుగా వెళ్ళడం మాకు పెద్ద పందెం. అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిలో అయ్యవారు ‘శ్రీ’ రాసేవారు. రెండోవాడికి చుక్క. మూడోవాడికి బెత్తంతో మెల్లగా ఒకటి, నాలుగోవాడికి రెండు, అలా వరస పెరుగుతుంది. ఆఖరివాడి సంగతి చెప్పక్కర్లేదు. ఇది మా అయ్యవారి సొంత తెలివి అనుకునేవాణ్ణి. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదిక చదివితే అచ్చం ఇదే కనిపించింది. మొదటివాడి చేతిలో సరస్వతి పేరు, రెండోవాడికి సున్న, మూడోవాడి నుంచి దెబ్బలు. పిల్లవాణ్ణి అయిదో ఏట బళ్ళో వేయడం, వినాయకుడి పూజ, ఇసకలో వేలితో రాయించడం, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం అన్నీ ఉన్నాయి అందులో. బళ్ళారి నుంచి మా డెల్టా దాకా, నూట ముప్పై ఏళ్ళకు పైగా, ఎవరూ సర్క్యులరు పంపకుండానే ఆ బడి అలాగే నడిచింది.

అదే నివేదికలో మరికొన్ని అంకెలున్నాయి. జిల్లాలో 533 బడులు, అందులో తెలుగు చెప్పేవి 226. మొత్తం పిల్లలు 6,641. ఆడపిల్లలు 60 మంది. మా అరుగు మీదా పరిస్థితి మరీ మారిందేం లేదు. ఆడపిల్లలు ముగ్గురో నలుగురో, అది కూడా పైటలు వేసే వయసు దాకా. మాలపల్లె, మాదిగపల్లె పిల్లలు ఆ అరుగు ఎక్కనేలేదు. వాళ్ళకు చదువు మిషను బడిలో దొరికింది. జాన్ హేయర్ అనే అమెరికా లూథరన్ పాదిరీ 1842లో గుంటూరు వచ్చి మొదలుపెట్టిన పని మా వైపు పల్లెపల్లెకూ పాకింది. చర్చి గంట కొట్టే ఉపదేశే పగలు పంతులు. ఊరి పిల్లలు చదివే వాచకమే అక్కడా చదివేవారు. కానీ ఊరి అరుగుకూ ఆ పాకకూ మధ్య ఉన్న పొలంగట్టును మేము చదువుకోవడానికని ఎప్పుడూ దాటలేదు, వాళ్ళనూ దాటనివ్వలేదు. వీధి బడిని తలచుకుని కళ్ళు చెమ్మగిల్లే నాలాంటివాళ్ళు ఈ సంగతి మర్చిపోకూడదు.

దెబ్బలూ అంతే. గోడకుర్చీ, గుంజీళ్ళు, తొడపాశం మా వంతు. కోదండం మాకు ముందు తరం వాళ్ళది. దూలానికి తాడు కట్టి, పిల్లవాడు రెండు చేతులా అది పట్టుకోగానే కింద పీట లాగేసేవారు. మా నాళ్ళకు దూలానికి కొక్కెం మాత్రం మిగిలింది. అయ్యవారు ఒక్కసారి దాని వంక చూస్తే చాలు, మాకు రాని పద్యం వచ్చేసేది. భయంతో వచ్చిన చదువు ఎందరికి వచ్చిందో అందరికీ గుర్తే. భయంతో బడి మానేసి గేదెల వెంట పోయినవాళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదు.

అయ్యవారికి జీతమంటూ లేదు. రొక్కం ఇచ్చేవాళ్ళు తక్కువ. కళ్ళంలో కుంచెడు ధాన్యం, ఇంటికింత బియ్యం, పాదున కాసిన సొరకాయ. బడికి సెలవు ఆదివారం కాదు, అమావాస్య, పౌర్ణమి. ఆయనకు నాలుగు డబ్బులు కళ్ళబడేది దసరాకే. కొత్తచొక్కాలు తొడుక్కుని, రంగు కాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని, అయ్యవారి వెనకాల ఇంటింటికీ తిరిగి పద్యాలు పాడేవాళ్ళం. అయ్యవారికి ఇంత, పిల్లలకు పప్పుబెల్లాలు అని పాటలోనే అడిగేవాళ్ళం. దానికి ఎవరూ సిగ్గుపడలేదు. పిల్లవాడికి ఏం వచ్చిందో ఊరు వినే రోజు కూడా అదే. గడపలో నిలబడి, ‘మీవాడు బాగానే అందుకున్నాడమ్మా’ అని ఎదురింటావిడ అంటే, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పడ్డట్టే.

పుస్తకం అంటే పెద్దబాలశిక్ష ఒక్కటే. 1832 ప్రాంతంలో పుదూరు సీతారామశాస్త్రి రాసిన చిన్న బాలశిక్ష పెరిగి పెరిగి, ఎందరి చేతులో పడి, ఇంటింటికీ చేరింది. అక్షరాలు, గుణింతాలు, వత్తులు, రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, ఆ పైన నీతివాక్యాలు, వారాలు, తిథులు, నక్షత్రాలు, అరవై సంవత్సరాల పేర్లు, ఎక్కాలు. పేజీలు తిప్పుతూ పోతే పిల్లవాడు మెల్లగా మెట్లెక్కేవాడు. పుస్తకం అందరికీ ఉండేది కాదు. ఒకే పుస్తకం చుట్టూ నలుగురం కూర్చునేవాళ్ళం. తలకిందులుగా కూర్చున్నవాడు తలకిందులుగానే చదవడం నేర్చుకున్నాడు.

ఇక లోపం ఎక్కడంటే, అర్థం దగ్గర. మాతోటివాడొకడు పాఠం గడగడా చదువుతుంటే అయ్యవారు తృప్తిగా కళ్ళు మూసుకుని విన్నారు. తెరిచి చూస్తే వాడి ముందున్న పేజీ వేరే. నోటికొచ్చింది చెప్పుకుపోతున్నాడు, వేలు మాత్రం ఎక్కడో అక్షరాల మీద తిరుగుతోంది. బడంతా నవ్వింది గానీ, మాలో సగంమంది చేస్తున్నది అదే. క్యాంబెల్ కూడా ఈ మాటే రాశాడు. పిల్లలు వందల పద్యాలు అప్పజెబుతారు, అర్థం మాత్రం చిలకకు తెలిసినంతే తెలుసు అన్నాడు. దొర అన్నాడని కోపం తెచ్చుకోవచ్చు గానీ, అబద్ధమని మాత్రం అనలేం.

సమితి స్కూలుకు మారాక గోడ మీద బొమ్మల చార్టు, చేతికి కొత్త వాచకం, మేష్టారి చేతిలో హాజరుపట్టీ వచ్చాయి. వాచకంలో అందరూ ‘చేసెను, పోయెను, చూచెను’ అనేవారు. మా ఇంట్లో అలా మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. చదివేటప్పుడు ఒక గొంతు, మాట్లాడేటప్పుడు ఒక గొంతు అలవాటైంది. ఇప్పటికీ చాలామంది పిల్లలు పుస్తకం పట్టుకోగానే ఆ రాగం ఎత్తుకుంటారు. పిల్లవాడి చదువు వాడి ఇంటి మాటతోనే మొదలు కావాలని గిడుగు రామమూర్తి మనకు ఎంత పోరి చెప్పారో తెలిసిందే. పర్లాకిమిడిలో ఉండి, సవర పిల్లల కోసం వాళ్ళ భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టించిన మనిషి ఆయన. మా వాచకానికి మాత్రం ఆయన మాట ఆలస్యంగా చేరింది.

మరి అర్థం మాకు ఎక్కడ పట్టుబడింది? నన్నడిగితే వంటింట్లో అంటాను.

మా ఇంటికీ చుట్టుపక్కల ఇళ్ళకూ ఉత్తరాలొచ్చేవి. పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు, పక్క జిల్లాలో కాపరం చేసే కూతురు. మగవాళ్ళు పొలం నుంచి వచ్చేదాకా ఆగడానికి ఆడవాళ్ళకు మనసొప్పేది కాదు. ‘ఒరే నాయనా, ఇలా రా, ఈ కార్డు ముక్క చదివి పెట్టు’ అని పిలిచేవారు. అచ్చక్షరాలు మాత్రమే తెలిసిన నాకు ఆ గొలుసుకట్టు రాత చూస్తే చెమటలు పట్టేవి. వత్తులు ఎక్కడివక్కడ వేలాడుతుంటాయి. తలకట్టు పెట్టే ఓపిక రాసినవాళ్ళకు ఉండదు. అయినా వదిలేవారు కాదు. ‘ఉభయకుశలోపరి’ దాకా కళ్ళు మూసుకుని చదివేయొచ్చు. అసలు కథ ఆ తరవాతే. ‘అమ్మాయికి వొంట్లో…’ అని నేను ఆగిపోతే, ఎదురుగా కూర్చున్న పెద్దమ్మ ముఖంలో రక్తం ఉండేది కాదు. ‘వొంట్లో ఏమిటిరా? కూడబలుక్కుని చదువు నాయనా.’ ‘వొంట్లో… నెమ్మదిగా… ఉంది’ అన్నాక ఆవిడ ఊపిరి తీసుకునేది. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఒక మనిషి ప్రాణం ఊగుతుంటుందని నాకు అరుగు మీద ఎవరూ చెప్పలేదు. మాట పూర్తయ్యేదాకా వదలకూడదని, తెలియని అక్షరాన్ని ముందూ వెనకా మాటలు చూసి పట్టుకోవచ్చని, రాసింది కాక ఊహించింది చదివితే కొంపలు మునుగుతాయని ఆ కార్డు ముక్కలే నేర్పాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చందమామ. 1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డి మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రిక మా ఊరికి రెండు ఇళ్ళకు వచ్చేది, ఇరవై ఇళ్ళు తిరిగేది. 1952 నుంచి కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని తీర్చిదిద్దారని తరవాత తెలిసింది. ఆ వాక్యం ఎవరిదో తెలియకపోయినా, అది నోటికి ఎంత హాయిగా ఉందో మాకు అప్పుడే తెలుసు. చిన్న వాక్యాలు, మన మాటలు, పేజీకో బొమ్మ. తడబడితే చిత్రాగారి బొమ్మో శంకర్‌గారి బొమ్మో చూసి పట్టుకునేవాళ్ళం. నేను చదువుతుంటే నాయనమ్మ కందులు ఏరుతూనో వత్తులు చేసుకుంటూనో వినేది. పక్కింటివాళ్ళు వచ్చి చేరేవారు. నేను ఆగితే ‘ఊఁ, తరవాత?’ అనేవారు. గబగబా లాగించేస్తే, ‘రైలు పట్టుకోవాలా ఏమిటి, మెల్లిగా చదవరా’ అనేవారు. బేతాళుడు ప్రశ్న అడిగిన చోట పుస్తకం మూసేసి, విక్రమార్కుడి కన్నా ముందు వాళ్ళు జవాబు చెప్పాలి. ఒక్కోసారి వాళ్ళ తీర్పు విక్రమార్కుడి తీర్పు కన్నా న్యాయంగా ఉండేది. ఎవరూ నన్ను పరీక్ష చెయ్యడం లేదు. వాళ్ళకు కథ కావాలి, దానికి నా కళ్ళు కావాలి. నాలుగక్షరాలు వచ్చిన పిల్లవాడికి ఇంట్లో అంత గౌరవం దొరికితే చదవకుండా ఉంటాడా?

మిగతాది వీధి నేర్పింది. కిరాణాకొట్లో చింతపండు కట్టిచ్చిన పొట్లం విప్పి, పాత పత్రిక ముక్క మీద సగం కథ చదివి, మిగతా సగం కోసం మళ్ళీ బెల్లం తెస్తానని బయల్దేరేవాళ్ళం. సినిమాహాలు దగ్గర అమ్మే పాటల పుస్తకాలు, బస్సు బోర్డులు, గోడల మీద ఎన్నికల రాతలు, ఎరువుల బస్తాలు. మా నాన్న చిన్నతనంలో కాలవ మీద పుస్తకాల పడవ వచ్చేదట. పాతూరి నాగభూషణంగారు 1935లో మొదలుపెట్టిన పడవ గ్రంథాలయం అది. మా కాలానికి పడవ లేదు, పంచాయతీ ఆఫీసు పక్క గదిలో ఒక బీరువా ఉండేది. తరవాత్తరవాత విశాలాంధ్రవాళ్ళ వ్యానులో మాస్కో నుంచి వచ్చిన బొమ్మల పుస్తకాలు తెలుగులో దొరికాయి. మంచు ఎలా ఉంటుందో తెలియని మేము మంచు బళ్ళ కథలు చదివి, వంటింట్లో వినిపించి, చలికి వణికిపోయాం.

తెలంగాణ నుంచి వచ్చిన ఒక స్నేహితుడు, మా ఈ కబుర్లు వింటూ తన తండ్రి చదువు సంగతి చెప్పాడు. నిజాం రాజ్యంలో సర్కారు బడిలో చదువు ఉర్దూలో. తెలుగు నేర్వాలంటే ఖానిగి బడికి, అంటే ప్రైవేటు బడికి పోవాలి. ఆ బడి పెట్టుకోవడానికి సర్కారు అనుమతి కావాలి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభ అడిగినవాటిలో ఆ ఆంక్షలు ఎత్తెయ్యమన్నదీ ఒకటి. మేము నిద్రకళ్ళతో తిట్టుకుంటూ దిద్దిన అక్షరాల కోసం అక్కడివాళ్ళు అర్జీలు పెట్టుకున్నారని తెలిసి మాకు మాట రాలేదు.

వీధి బడి ఎవరూ మూసెయ్యకుండానే పోయింది. అయ్యవారు పెద్దవారై మంచాన పడ్డారు. ఆ చోటికి మరొకరు రాలేదు. ట్రైనింగు అయిన కుర్రాడు సొరకాయలకు పాఠం చెప్పడు, చెప్పకూడదు కూడా. అరుగులు కొట్టేసి ఇళ్ళు ముందుకు జరిపారు. రాతిపలక పోయి రేకుపలక, ఆ తరవాత ప్లాస్టిక్ పలక, ఇప్పుడు నోటుపుస్తకం. కాన్వెంటుల్లో అక్షరం పక్కన ఆపిల్ బొమ్మ పెట్టి పిల్లల చేత అదే వల్లెవేత వేయిస్తున్నారు. తేడా ఏమంటే దానికి ఫీజుంది. ఫోనొచ్చి ఉత్తరాన్ని, టీవీ వచ్చి మధ్యాహ్నపు కథను తీసుకుపోయాయి. చందమామ కూడా ఆగిపోయింది.

పోయినదంతా మంచిదేం కాదు. ఇవాళ ఆడపిల్ల బడికి వెళ్తోంది. ఏ పల్లె పిల్లవాడైనా అదే బెంచీ మీద కూర్చుంటున్నాడు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బెత్తాన్ని నిషేధించింది. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని 2021లో కేంద్రప్రభుత్వం ‘నిపుణ్ భారత్’ అని ఒక పథకమే పెట్టింది. అరుగు మీద మా అయ్యవారికి తట్టని మాట అది. పాఠాలు కూడా మాటలతో, బొమ్మలతో మొదలై ఆ తరవాత అక్షరాల్లోకి వెళ్తున్నాయి. మా కన్నా ఈ పిల్లలకు మంచి బడి దొరికింది.

పోయిన వాటిలో నేను వెతుక్కునేది ఒక్కటే. అప్పట్లో పిల్లవాడి చదువుతో ఇంటికి అవసరం ఉండేది. ఇప్పుడు లేదు. తల్లికి చదువొచ్చు, తండ్రికి చదువొచ్చు, నాయనమ్మకు ఫోనే చదివి పెడుతుంది. ఇది మంచికే. కానీ పిల్లవాడు ఇంట్లో పైకి చదివే సందర్భం హోంవర్కు ఒక్కటే అయింది. అది వినేవాళ్ళు కథ వినడం లేదు, తప్పులు వింటున్నారు. ప్రతి మాటకూ ఆపి దిద్దుతున్నారు. వాక్యం సగంలో మూడుసార్లు ఆగిన పిల్లకు మొదట్లో ఏం చదివిందో గుర్తుండదు. అర్థం అక్కడే జారిపోతుంది. అక్షరాలన్నీ వచ్చి కూడా చదవడం ఇష్టంలేని పిల్లలు ఇంటికొకరు తయారవుతున్నారంటే, లోపం వాళ్ళదో బడిదో అని నాకు అనిపించదు.

అమెరికాలో వారాంతాల్లో నడిచే మనబడి క్లాసులకు వెళ్ళే తెలుగు పిల్లల తల్లిదండ్రులూ, ఇక్కడ సర్కారు బడికి పంపే తల్లులూ నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు. ‘మాస్టారూ, పిల్లలకు చదవడం అలవాటు కావాలంటే ఏ పుస్తకం కొనమంటారు?’ నా జవాబు ఎప్పుడూ ఒకటే. వాళ్ళకు నచ్చింది ఏదైనా కొనండి. బొమ్మలుండాలి, మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులో ఉండాలి. రోజూ ఒక పావుగంట వాళ్ళను చదవమని, మీరు చేతిలో ఏదో పని పెట్టుకుని వినండి. తప్పు పోతే, అర్థం మారేదాకా ఊరుకోండి. మారినప్పుడు ‘అదేమిటి, రాజు కోటను మింగాడా?’ అని నవ్వండి, వాళ్ళే వెనక్కి వెళ్ళి సరిచేసుకుంటారు. వాళ్ళు ఆగిన చోట మాత్రం, ‘తరవాతేమైంది?’ అని నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడగండి. నిజంగా తెలుసుకోవాలని లేకపోతే పుస్తకం మార్చండి.